జ్ఞానమణి పట్టి ఉంచిన గ్యాస్

నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి ఆబిడ్స్‌కు తిరిగే మలుపులో జ్ఞానమణికి ఫ్రిజ్ రిపేరు కొట్టు ఉండేది. మెదక్ నుంచి పెళ్లై వచ్చిన ఆమెకు భర్త హెర్బర్టే పని నేర్పాడు. 1996లో ఆయన కామెర్లతో పోయాక, కొట్టు ఎవరికైనా ఇచ్చేయమని చుట్టాలు చెప్పారు. ఆమె ఇవ్వలేదు. మొదట్లో జనం వచ్చి "మెకానిక్ లేడా?" అని అడిగేవాళ్లు. "మెకానిక్‌ను నేనే" అనేది. రెండేళ్లకు అందరూ ఆ మాట అడగడం మానేశారు.

పాడైన ఫ్రిజ్ వస్తే ముందు గొట్టం కోసి, లోపలున్న గ్యాస్ గాలిలోకి వదిలేయడం ఊళ్లో అందరూ చేసే పనే. హెర్బర్ట్ అలాగే చేశాడు, ఆమె కూడా అలాగే చేసింది.

2005లో ప్రభుత్వం మెకానిక్‌లకు నాంపల్లిలో రెండు రోజుల శిక్షణ పెట్టింది. సదాశివ అనే అధికారి, ఇలాంటి గ్యాస్‌లను ఆపాలని దేశాలన్నీ చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం గురించి, మన దేశం దాని మీద పెట్టిన సంతకం గురించి ఇంగ్లీషులో ఉన్న బొమ్మలు చూపిస్తూ చెప్పుకుపోతున్నాడు. వెనక వరసల్లో తలలు వాలిపోతున్నాయి. జ్ఞానమణి లేచి నిలబడింది.

"సార్, జర ఆగుండ్రి. మేం వదిలిన గ్యాస్ ఏడికి పోతది?"

సదాశివ చేతిలో కాగితం పక్కన పెట్టాడు. "పైకి పోతుందమ్మా. చేరడానికి ఏళ్లు పడుతుంది. ఎండలోని చెడు కిరణాలను ఆపే పొర ఒకటుంది. దాన్ని తినేస్తుంది."

"అంటే మా ఆయన వదిలింది ఇంకా పైకి పోతనే ఉన్నదా?"

"పోతూనే ఉంది."

ఆమె కూర్చుంది. హాలులో నిద్రపోతున్నవాళ్లు లేరిప్పుడు.

రెండో రోజు గ్యాస్‌ను లాగి సిలిండర్‌లో పట్టే మెషీన్ చూపించారు. పట్టిన గ్యాస్‌ను శుభ్రం చేసి మళ్లీ వాడుకోవచ్చు. అందరి కళ్లూ దాని మీదే. అయితే లైసెన్సున్న దుకాణాలకే ఇస్తారట. మొజంజాహీ మార్కెట్ గోడ పక్కన ఫుట్‌పాత్ మీద ముప్పై ఏళ్లుగా పని చేస్తున్న బిచ్చయ్య కండువా దులుపుకుని లేచాడు. "మనకు లేదక్కా, గంతే," అని వెళ్లిపోయాడు.

సోమవారం జ్ఞానమణి నలభై మూడు మంది మెకానిక్‌ల సంతకాలు, వేలిముద్రలు ఉన్న కాగితంతో సదాశివ ఆఫీసుకు వెళ్లింది.

"సార్, దేశాలన్ని కూసోని గ్యాస్ ఆపుమన్నయా, లైసెన్స్ చూడుమన్నయా?"

"నిబంధన పైనుంచి వచ్చిందమ్మా. రేపు మెషీన్ పోతే జవాబు చెప్పాల్సింది నేను."

"దుకాణపోడు పది ఫ్రిజ్‌లు కోస్తే ఫుట్‌పాత్ మీదోడు ముప్పై కోస్తడు. ఆడ గ్యాస్ పోనిచ్చి ఈడ మెషీన్ పెడితే ఏం ఫాయిదా? నాకు లైసెన్స్ ఉన్నది. మెషీన్ నా పేరు మీద రాయుండ్రి. అందరం వాడుకుంటం. పోతే నన్ను పట్టుకోండ్రి."

సదాశివ కాగితం మీది వేలిముద్రలు చాలాసేపు చూశాడు. ఆ రోజే పైకి ఉత్తరం రాశాడు. కుదరదని జవాబొచ్చింది. మళ్లీ రాశాడు. జ్ఞానమణి ప్రతి సోమవారం వచ్చి బెంచీ మీద కూర్చునేది. ఊరికే కూర్చోకుండా అతని ఇంగ్లీషు పుస్తకంలోని మాటలు ఒక్కొక్కటీ అడిగి, మెకానిక్‌ల భాషలో చెప్పేది. అతను రాసుకునేవాడు. అయిదో నెలలో ఉత్తర్వు వచ్చింది: చిన్న మెకానిక్‌లు సంఘంగా ఏర్పడితే మెషీన్ ఇవ్వవచ్చు.

నలభై మూడు మందీ సంఘం కట్టారు, మెషీన్ వచ్చింది. అప్పటి నుంచి కోఠి, ఆబిడ్స్, నాంపల్లి ఫ్రిజ్‌ల గ్యాస్ ఆమె కొట్లోని సిలిండర్లలోకి చేరడం మొదలైంది.

మరుసటి మే నెలలో ఒక మధ్యాహ్నం, మొజంజాహీ మార్కెట్‌లో వామన్‌రావు ఐస్‌క్రీం దుకాణపు చల్లగది ఆగిపోయింది. జ్ఞానమణి, బిచ్చయ్య ఆటోలో మెషీన్ వేసుకుని వెళ్లారు. గొట్టం చిల్లిపడి సగం గ్యాస్ అప్పటికే పోయింది.

"మిగిలింది గాలికి ఇడ్సి జల్ది అతికియ్యమ్మా, మాల్ కరుగుతున్నది," అన్నాడు వామన్‌రావు.

"ఇడ్వ సాబ్," అంది జ్ఞానమణి. "కొత్త గ్యాస్ బజార్ల దొరుకుతలేదు. ఉన్నది గీ గ్యాసే."

నిజమే. ఒప్పందం ప్రకారం తయారీ తగ్గిస్తూ వస్తున్నారు. పొద్దున్నుంచి తిరిగినా వామన్‌రావుకు ఒక్క సిలిండర్ దొరకలేదు. ఆమె మిగిలిన గ్యాస్‌ను లాగి పట్టింది, బిచ్చయ్య చిల్లి పూడ్చాడు. తక్కువైన గ్యాస్‌ను కొట్లో దాచిన సిలిండర్ల నుంచి తెచ్చి నింపారు. అది నలభై మూడు మంది పట్టి ఉంచిన గ్యాస్. ఎండ తగ్గే వేళకు గొట్టాల మీద తెల్లగా మంచు పట్టింది. బిచ్చయ్య అరచెయ్యి దాని మీద పెట్టి అలాగే ఉంచాడు.

"గిది మనదే, అక్కా," అన్నాడు.

వామన్‌రావు మామిడి ఐస్‌క్రీం తన చేత్తోనే తెచ్చి ఇద్దరికీ ఇచ్చాడు.

ఈ సంగతి విని సదాశివ తానే కొట్టుకు వచ్చాడు. చేతిలో కొత్తగా అచ్చయిన చిన్న తెలుగు పుస్తకం ఉంది. అందులో ఉన్నవి ఆమె మాటలే.

"సంఘాల పద్ధతి జిల్లాలన్నిటికీ ఒప్పుకున్నారమ్మా. వచ్చే వారం వరంగల్‌లో మొదటి తరగతి. పాఠం చెప్పేది మీరు."

"నేనా? నేను పదో తరగతి ఫెయిల్, సార్."

"నేను చెప్తే నిద్రపోయారు కదా," అన్నాడు సదాశివ.

మరుసటి సోమవారం జ్ఞానమణి పొద్దుటి రైలెక్కింది. వరంగల్‌లో డెబ్బై మంది మెకానిక్‌లు ఆమె కోసం కూర్చుని ఉన్నారు. సాయంత్రం దాకా ఒక్కరూ లేచి వెళ్లలేదు.