ప్రార్థనలో వణికిన చెయ్యి

గల్ఫ్‌లోని రూవిలో మా తెలుగు క్రైస్తవ సహవాసం శుక్రవారం ఉదయం కూడుతుంది. మిగతా రోజులు ఒక కంపెనీ స్టోరులో డ్యూటీ చేసే నేను, ఆ రోజు వాక్యం చెబుతాను.

మా సంఘంలో నిజామాబాద్ వైపు మేస్త్రి ఒకాయన ఉన్నాడు. ఆయన ప్లాస్టరింగ్ చేస్తే గోడ అద్దంలా ఉండేది. రెండేళ్ల కిందట ఆ కుడిచెయ్యి వణకడం మొదలైంది. వింతేమిటంటే తాపీ పట్టుకుంటే వణుకు దాదాపు ఆగేది. ప్రార్థనలో అరచెయ్యి మోకాలి మీద పెట్టి కళ్లు మూసుకోగానే వచ్చేది.

"అన్నా, ఇది పరిశుద్ధాత్మ కార్యం" అని అందరి ముందూ అన్నది నేనే. హాలంతా హల్లెలూయ అంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

తర్వాత నడకలో ఆయన అడుగు చిన్నదైంది. గుండీలు పెట్టుకోలేకపోయాడు. డాక్టరు పార్కిన్సన్స్ అని మాత్రలు రాస్తే, రెండు వారాలు వేసుకుని మానేశాడు.

"దేవుడిచ్చినదాన్ని గోలీలతోని ఆపాల్నా, బ్రదర్?" అని నన్నే అడిగాడు.

కూడిక అయ్యాక పక్కనే టీ పోస్తున్న మా సంఘం అక్క ఆసుపత్రిలో నర్సు. గోదావరి మనిషి. "అన్నయ్యగారూ, టీవీ ముందు కూర్చున్నప్పుడు వణకదా?"

"క్రికెట్ చూస్తుంటే గూడ వస్తదక్కా."

"అయితే క్రికెట్‌కి కూడా ఆత్మ దిగొస్తోందన్నమాట!"

ఆయన కూడా నవ్వాడు. అప్పుడు ఆమె నెమ్మదిగా చెప్పింది. మెదడు కణాలు రోజూ ప్రోటీన్లు తయారుచేసుకుంటాయట. పాతబడినవాటిని, మడత తప్పినవాటిని ముక్కలు చేసి తీసేస్తాయట. ఈ జబ్బులో ఒక ప్రోటీన్ అలా పోకుండా కణంలోనే ఉండలు కడుతుంది. కదలికను నడిపే కణాలు మెల్లగా చనిపోతాయి. మాత్ర ఆ ఉండలను కరిగించదు. తగ్గిపోయిన రసాయనాన్ని అందించి ఒంటిని కదలనిస్తుంది.

నాకు మన్నా గుర్తొచ్చింది. ఎడారిలో దేవుడు కురిపించిన ఆహారం, ఏ రోజుది ఆ రోజే. మర్నాటికి దాచుకున్నవాళ్లది పురుగు పట్టింది. ఎన్నిసార్లు బోధించానో! మన తలలోపల కూడా దేవుడు అదే క్రమం పెట్టాడని నాకు తోచనే లేదు.

మరుసటి శుక్రవారం సాక్ష్యాల వేళ నేనే ముందు లేచాను. "అన్నకు నేను తప్పు చెప్పాను. అది జబ్బు. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు."

"అంటే ఇన్ని దినాలు నాకు ఉత్తగనే హల్లెలూయ కొట్టిన్రా?" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఒక్క మాట చెప్పు బ్రదర్. మరి దేవుడు నా తాన లేడా?"

వెళ్లి పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను. నా చేతిలో కూడా అది వణుకుతూనే ఉంది.

"ఇది వణికినా ఉన్నాడు, ఆగినా ఉంటాడన్నా."

ఆయన ఎడమచేత్తో జేబులోంచి మాత్రల అట్ట తీశాడు.

"నీళ్లియ్యి."

సీసా మూత తీసి అందించాను.