ఊయల కట్టడానికి రెండు చెట్లు

సెలవు కదా అని ఈ మధ్యాహ్నం ఉప్పాడ సముద్రతీరానికి వెళ్లాను, కొత్తగా కొన్న క్యాంపింగ్ ఊయల కట్టుకుని కాసేపు పడుకుందామని. దాంతో వచ్చిన సన్నతాడు చెట్టు బెరడును కోసేస్తుందని ఎక్కడో చదివి, వెడల్పాటి పట్టీలు విడిగా తెప్పించాను. తాడా, పట్టీలా అని తేల్చుకోవడానికే రెండు వారాలు పట్టింది.

ఒడ్డున రెండు సరుగుడు చెట్లు సరిపడా దూరంలో కనిపించాయి. తల ఎత్తున పట్టీలు చుట్టి, ఊయల తగిలించి, బరువు ఆగుతుందో లేదో చేత్తో నొక్కి చూస్తున్నాను. పక్కనే వల బాగుచేసుకుంటున్న నూకరాజు గారనే పెద్దాయన లేచి వచ్చారు.

"పట్టీలు బాగున్నాయండి. చెట్లే బాలేవు. ఇటొచ్చి చూడండి."

సముద్రం వైపు ఇసుక కోసుకుపోయి, వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి.

"పోనీ, వెనకాల వాటికి కట్టుకోనా అండీ?"

"ఈ రోజుకి కట్టుకోండి. వీటికి ముందు, సముద్రం వైపు ఇంకో రెండు వరసలుండేవండి. మేం నాటినవే. నీళ్లలో కలిసిపోయాయి."

"మళ్లీ నాటట్లేదా?"

"ఎక్కడ నాటమంటారండి?"

కోపంగా అనలేదు. నిజంగానే నన్ను అడిగారు. చెట్ల వెనక రోడ్డు, రోడ్డును ఆనుకుని వాళ్ల ఇళ్లు. అంతకు మించి జాగా లేదు. ఆయన వెళ్లి మళ్లీ వల ముందు కూర్చున్నారు. నేను పడుకోకుండానే ఊయల విప్పేసి, ఏమైనా తోస్తే చెబుతానని ఆయన ఫోన్ నంబరు తీసుకుని వచ్చేశాను.

ఆయనకి ఏం చెప్పాల్సిందో మీలో ఎవరికైనా తోస్తే కింద రాయండి. నంబరైతే ఉంది, చెప్పడానికే నా దగ్గర ఏమీ లేదు.