నేను చూడని మూడో కన్నం

మా బంధువుల్లో ఎవరు ఇల్లు కొనాలన్నా ముందు నన్ను తీసుకెళ్లి చూపిస్తారు. నేను ఇంజినీరును కాను. కంచరపాలెంలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఇటుక, ఇసుక, ఇనుము లెక్కలు వేస్తూ పని నేర్చుకున్నవాణ్ణి. గోడలకి టేపు పెట్టి కొలుస్తాను. నేల మీద నీళ్లు పోసి వాలు చూస్తాను. ఏ గదిలో ఏ వస్తువు ఎంత కరెంటు లాగుతుందో కూడి, అక్కడి వైరు దానికి సరిపోతుందో లేదో చెబుతాను. నేను బాగుందంటే కొంటారు.

దువ్వాడలో మా చెల్లెలూ అలాగే కొంది. అంతకుముందు వేరేవాళ్లు ఉన్న ఫ్లాటు. చూడ్డానికి వెళ్లిన రోజు, హోల్డరుకి రెండు వైర్లు తగిలించిన బల్బు నా సంచిలో ఉంది. ప్రతి సాకెట్‌లోనూ కింది రెండు కన్నాల్లో వైర్లు పెట్టాను. అన్నిచోట్లా వెలిగింది. పైన ఉండే పెద్ద కన్నం ఎర్తుది, వస్తువు మీదకి కరెంటు పాకితే దాన్ని నేలలోకి పంపేసేది. ఒక వైరు కరెంటొచ్చే కన్నంలో ఉంచి, రెండోది ఆ మూడో కన్నంలో పెట్టి చూస్తే ఎర్తు ఉందో లేదో తెలిసిపోతుంది. అది నాకు తెలుసు. కానీ ఆ రోజు నా బుర్రంతా లోడు లెక్క మీద ఉంది. లెక్క సరిపోయేసరికి సంతోషంతో బల్బు సంచిలో పెట్టేశాను.

"వైరింగు దిట్టంగా ఉంది" అన్నాను.

కొన్ని నెలలకి చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, వాషింగ్ మిసన్ మీద సెయ్యేత్తే జుమ్మంతంది."

వెళ్లాను. నాకు మడమ నొప్పి. డాక్టరు చెప్పినప్పటినుంచి ఇంట్లో కూడా మందపాటి మెత్తటి చెప్పులతోనే తిరుగుతాను, ఎవరింటికి వెళ్లినా ఒక జత వెంట ఉంటుంది. ఆ చెప్పులతోనే నిలబడి మిషన్ మీద అరచెయ్యి ఆనించాను. ఏమీ లేదు.

"ఫ్రిజ్ ముట్టినా అంతే అన్నయ్యా."

"అదే మరి. రెండు వస్తువులూ ఒకేసారి పాడవ్వవు కదా. అన్నిచోట్లా వస్తోందంటే వస్తువుల్లో లేదు, నీలో ఉంది. నీకు సుగరుంది. నరాల మీదకి వచ్చుంటుంది, డాక్టరుకి చూపించు."

ఆ రెండు వస్తువుల్నీ కలిపేది మా చెల్లెలొక్కతే కాదనీ, ఆ ఇల్లు కూడా అనీ నాకు తోచలేదు. నేను బాగుందని చెప్పిన ఇల్లు కదా.

చేతులు జుమ్మంటున్నాయని తను చెబితే డాక్టరు నరాలకి మాత్రలు రాశారు. రాత్రిపూట అన్నం మానేసి రాగిజావ మొదలుపెట్టింది. మాత్రలకి పొద్దున్నే మగతగా ఉంటోందని ఒకసారి అంది. అలవాటైపోతుందిలే అన్నాను.

మళ్లీ ఒక రోజు ఏదో పనిమీద అటు వెళ్లి, వాళ్లింట్లోకి అడుగుపెట్టి చెయ్యి కడుక్కుందామని బాత్రూం దాకా వెళ్లిపోయాను. వెనకనుంచి కేక.

"ఆగన్నయ్యా! ఇప్పుడే తడిబట్టెట్టినాను. అవి సెప్పులేటి, లారీ టైర్లు! ఇప్పు ముందు."

చెప్పులు రెండూ విడిచి, తడి నేల మీద జారకుండా పక్కనున్న మిషన్ పట్టుకున్నాను. మోచేతి దాకా జివ్వుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

చెల్లెలు నవ్వింది. "ఏటి, నీకూ సుగరొచ్చీసిందేటి?"

నేను నవ్వలేదు. చెప్పులు వేసుకుని, మిషన్ ప్లగ్గు తీసి, సంచిలోంచి బల్బు బయటికి తీశాను. మూడో కన్నంలో వైరు పెట్టాను. వెలగలేదు. వంటింట్లో పెట్టాను, హాల్లో పెట్టాను. ఎక్కడా వెలగలేదు. ఆ ఇంటికి ఎర్తే లేదు. ఏ రోజైనా మిషన్ లోపల ఒక వైరు ఒరుసుకుపోయి ఉంటే, తడి చేతుల్తో బట్టలు తీస్తున్న మనిషి మిగిలేది కాదు. మెయిన్ ఆపేశాను. ఎలక్ట్రీషియన్ వచ్చి చూస్తే, కింద మీటరు దగ్గర ఎర్తు తీగ తుప్పుపట్టి తెగిపోయి ఉంది. కొత్త తీగ వేశాడు. మూడో కన్నంలో బల్బు వెలిగింది.

అంతసేపూ చెల్లెలు కుర్చీలో కూర్చుని తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటోంది.

"అంటే నా సేతులు బాగానే ఉన్నాయన్నమాట."

"నేను తప్పు చెప్పానమ్మా. ఇల్లు చూడ్డానికొచ్చిన రోజే ఎర్తు చూడాల్సింది, చూడలేదు. మాత్రల సంగతి డాక్టర్ని అడుగుదాం."

"నాను సెప్పినాను కదన్నయ్యా, జుమ్మంతందని."

తిట్టినా బాగుండేది. మామూలుగా అంది. ఇన్నాళ్లూ తన చేతికి తెలిసినదాన్ని కాదని నా మాట నమ్మింది. తలెత్తి తన ముఖంలోకి చూడలేకపోయాను.

"ఇప్పుడేం లేదు, చూడు" అని మిషన్ ప్లగ్గు మళ్లీ పెట్టి, ఉత్తి కాళ్లతో నిలబడి దాని మీద చెయ్యి వేశాను. తనూ దగ్గరికొచ్చింది. చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"ఉండన్నయ్యా. మీ బావని రానీ."

బావ తను పనిచేసే ప్లాంటులో పొద్దుటి షిఫ్టు దిగి భోజనం వేళకి వచ్చాడు. జరిగింది చెప్పాను. మేజోళ్లు విప్పి మిషన్ మీద చెయ్యేశాడు.

"ఏటీ నేదే" అని నా భుజం తట్టి, "ఏటి బావా, నీ సర్టిఫికెట్టు మీద నా సంతకం కూడా కావాల్సొచ్చిందేటి?" అన్నాడు.

చెల్లెలు అప్పుడు ముందుకొచ్చి ఒక్క వేలు ఆనించింది. తరవాత అరచెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"ఏటీ నేదు కదా?" అని అడిగింది. నన్ను కాదు.