పాల క్యాన్‌లో ఇంజన్ ఆయిల్

తెలంగాణ వచ్చిన తొలి ఏండ్లలో వానలు వరుసగా మొహం చాటేశాయి. మా బత్తాయి తోటలో బోరు గాలిని తప్ప మరేమీ పోయడం మానేసింది. ఇక దిక్కల్లా ట్రాక్టరే. నార్కట్‌పల్లి అవతల ఇంకా బతికున్న బోరు దగ్గర ట్యాంకరు నింపుకొచ్చి, చెట్టుకింత పోస్తేనే తోట నిలుస్తుంది. వందల చెట్ల తోట అని కనబడ్డవాడికల్లా చెప్పుకునేవాణ్ణి గానీ, నిజానికది ఎకరంనర. ఆ ఎకరంనరే నాకూ మా ఆవిడకూ ముసలితనపు అన్నం.

ట్రాక్టరు మాకంటే ముసలిది. మిట్ట ఎక్కితే నీలం పొగ. ఇంజను ఊపిరి వదిలే గొట్టం ఉంటుంది, బ్రీదర్ అంటారు, దాన్నుంచి ఆయిల్ తుంపర్లు తుంపర్లుగా చిమ్మేది. పోసిందంతా నాలుగు రోజుల్లో అడుగంటేది.

మెకానిక్కు ఆ గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టి, అంటిన జిడ్డు నాకు చూపించాడు.

"పిస్టన్ రింగులు పోయినయ్ పెద్దనాయినా. ఇంజను దింపాలె."

"ఎన్ని దినాలు పడ్తది?"

"సామాను రావాలె గదా. పదిహేను దినాలన్న పడ్తది."

"గప్పటిదాంక చెట్లకు నీ ఉమ్మి పోద్దునా? చిక్కటి ఆయిలేదన్న ఉంటే చెప్పు తమ్మీ."

"చిక్కటిది పోస్తే పొగ జర తగ్గుతది. రోగమైతే పోదు."

మామూలుగా పోసేది డబ్బా మీద పదిహేను నలభై అని ఉండే రకం. ఇరవై యాభై అని ఉన్నది ఎండకు అంత తొందరగా పలచబడదన్నాడు. అదే తెచ్చుకున్నాను. కానీ అదీ చిమ్మిపోతే? చిమ్మేదాన్ని డబ్బాలో పట్టి, వడగట్టి, మళ్ళీ ఇంజనుకే పోద్దామనుకున్నాను.

మేత లేక బర్రెలను అమ్మేశాక, మా పాల క్యాన్ ఖాళీగా బోర్లించి ఉంది. దాని మూతకు బెజ్జం కొట్టి, బ్రీదర్ నుంచి రబ్బరు పైపు తెచ్చి బిగించాను. ఆయిల్ ఆవిరి అంటుకుని కిందికి జారాలని లోపల స్టీలు పీచు కుక్కాను.

"గిన్నెలు తోమే పీచు యాడవెట్టినవ్?" అని అరిచింది మా ఆవిడ.

"ఇంజను పండ్లు తోముకుంటాంది."

"ముందుగాల నీ నోరు తోముకో."

నా డబ్బాను చూడ్డానికి హైదరాబాదు నుంచి ఇంజనీర్లు వస్తున్నారని ఆ సాయంత్రమే చాయ్ హోటల్లో చెప్పాను. వచ్చింది పక్క చేను ఆయన ఒక్కడే. మూత తీసి, వాసన చూసి, తుమ్మి వెళ్ళిపోయాడు.

మూత మళ్ళీ నేనే బిగించాను. ఏండ్ల తరబడి పాలకేంద్రానికి పాలు మోసిన చేతులు నావి. చుక్క ఒలకకూడదు, గాలి దూరకూడదు. రబ్బరు రింగు సరిచేసి, కొక్కెం నొక్కి, క్యాన్‌ను అటూ ఇటూ ఊపి చూసుకున్నాను. పాలు నిలవాలంటే మూత బిగియాలి, ఇంజను బతకాలంటే ఊపిరి బయటికి పోవాలి. డబ్బాకు ఇంకో బెజ్జం కావాలన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు నిండు ట్యాంకరుతో వస్తుంటే, తోట ముందరి మిట్ట మీద ట్రాక్టరు ఆగిపోయింది. ఇంజను అరుస్తోంది, చక్రం కదలదు. బయటికి దారిలేని గాలి, ఇంజను వెనక ఆయిల్‌ను ఆపే సీలును తన్నేసింది. ఆయిల్ క్లచ్చు మీదికి కారింది. పట్టు జారిపోయింది. వంగి చూస్తే, కింద మట్టి నల్లగా తడుస్తోంది.

మా ఆవిడ బిందెలతో పరుగున వచ్చింది. "ఏమైంది?"

"జర వేడెక్కింది, అంతే."

"అబద్దాలు బందువెట్టు. బండి తోటలకొస్తదా, రాదా?"

"రాదు."

ఆమె ఒకసారి తోటకేసి చూసింది, ఒకసారి నా కాళ్ళకేసి. "దూరపు చెట్లకు మోసే బలం మనకేడిది? దగ్గరి రెండు సాళ్ళకే పోద్దాం. మిగిలినయి దేవుడు సూసుకుంటడు."

ట్యాంకరు ఖాళీ అయ్యేదాకా మోశాం. మిగతా చెట్లను చూడలేక తల దించుకునే నడిచాను. ఆ తర్వాత ఇంజను మెకానిక్కు దగ్గర విప్పి పడుంది. కిరాయి ట్యాంకరు కోసం ఊరూరా తిరిగాను. ఎవడి తోట వాడికి మండుతోంది, నాకెవడిస్తాడు?

చివరికి ఒక వాన పడింది. కొన్నాళ్ళకు, మేం నీళ్ళు పోయని చెట్లన్నీ తెల్లగా పూశాయి. అంత పూత నా జన్మలో చూడలేదు. పూత కోసం చెట్లను కొన్నాళ్ళు ఎండగట్టడం మా వైపు ఉన్నదే. ఇంకేం, హోటల్లో కూర్చుని, "కావాల్నని ఎండగట్టిన. ధైర్యముండాలె" అని కోతలు కోశాను. పూతతోబాటు రావాల్సిన చిగురు ఒక్కటీ రాలేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ తోటలో ఉంది. కొమ్మ వంచి, గోటితో బెరడు గీకింది. కింద పచ్చదనం లేదు. ఇంకో చెట్టు గీకింది. అదీ అంతే.

"సచ్చేముందు పూసినయ్," అంది.

నేను మరో చెట్టు పట్టుకున్నాను. పచ్చ కనబడలేదు. ఇంకా లోతుగా గీకాను, గోరు కింద రక్తం వచ్చేదాకా. ఆమె నా చెయ్యి పట్టి ఆపింది.

"ఇగ ఇడువు. గొడ్డలి తర్వాత తెద్దువు. పూతకు తేనెటీగలొచ్చినయ్, గవ్వన్న తాగనియ్యి."