బల్ల మీద పెట్టిన కత్తి

కొత్తకోట బస్టాండులో గద్వాల బస్సు కోసం కూర్చున్నాం, నేనూ రెండేళ్ల మా పాపా. కాకినాడలో బయల్దేరినప్పటి నుంచీ పక్కన కూర్చున్న ప్రతి మనిషినీ అనుమానంగానే చూస్తున్నాను. పాపకు జామకాయ కోసి పెట్టడానికి, ఇకపై ఎప్పుడూ సంచిలో ఉంచుకోవడానికి ఒక మడత కత్తి కావాల్సి వచ్చింది. మేం కూర్చున్న బల్ల పక్కనే ఉన్న తోపుడు బండి మీద ఒక్కొక్కటీ తీసి, మూసి చూస్తున్నాను. పాప చేతికి చిక్కినా తెరుచుకోకూడదు, అదీ నా భయం.

“ఆ నల్లది వద్దు బిడ్డా, వదులుగున్నది. జర నాది చూడు,” అంటూ బల్ల మీద కూర్చున్న పెద్దావిడ రొంటిన దోపుకున్న కత్తి తీసింది. నేను పాపను దగ్గరికి లాక్కుని చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు. మడిచి బల్ల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను వంగి తీసుకునేలోపు పాపనో సంచినో లాగేస్తుందేమో అనిపించింది.

“ఏంది, గట్ల చూస్తున్నవ్? కత్తి చేతికిస్తరా ఎవలన్న? కొట్లాట అయితది.”

“మనకేం కొట్లాటమ్మా? బస్సొస్తే ఎవరి దారి వాళ్లది.”

“ఏమో, మల్ల కలుస్తమేమో! అప్పుడు నాతోని మాట్లాడవా?”

ఆమె కత్తి తీసి చూశాను, బిగువుగా ఉంది. బండి మీద అలాంటిదే ఏరుకున్నాను. అంతలో వనపర్తి బస్సొచ్చింది. ఆమె మూట ఎత్తుకుంది. ఆమె కత్తి ఆమె చేతికి ఇవ్వబోయి ఆగి, మడిచి బల్ల మీద పెట్టాను. ఆమె నవ్వుతూ తీసుకుంది.

పాప రెక్క మాత్రం నేను రెండో చేత్తో పట్టుకునే ఉన్నాను.