ఖుర్షీద్ బీ అప్పజెప్పిన పిల్ల

తాండూరు స్టేషనుకు అవతల, నాపరాళ్లు పేర్చిన గోడల మధ్య ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఉండేది. ఇప్పుడు లేదు. అందులో నేను గుమాస్తాను, ఖుర్షీద్ బీ ఆయా. 1969లో, ఉద్యమం వల్ల క్లాసులు జరిగిన రోజుల కన్నా జరగని రోజులే ఎక్కువైన ఏడాది, ఆమె పనిలో చేరింది. భర్త బండల గనిలో రాయి మీదపడి చనిపోయాడు. ఆడపిల్లల గది ఊడ్చడం, కుండలో మంచినీళ్లు నింపడం ఆమె పని అని కాగితం మీద ఉండేది. అసలు పని వేరు.

మా కాలేజీకి ఆడపిల్లల ఖోఖో జట్టు ఉండేది. వికారాబాదులో పోటీలంటే రెండు రోజులు ఇల్లు విడిచి ఉండాలి. పెద్దేముల్, బంట్వారం రైతులు ఎదిగిన పిల్లల్ని అట్లా పంపుతారా? మా ప్రిన్సిపాల్ వెళ్లి అడిగితే చాయ్ పోసి సాగనంపేవాళ్లు. ఖుర్షీద్ బీ వెళ్తే పిల్లను పంపేవాళ్లు. గుమ్మం ముందు తల్లి తన కూతురి చెయ్యి తెచ్చి ఆమె చేతిలో పెట్టేది. పోటీలయ్యాక ఖుర్షీద్ బీ అదే చెయ్యి తల్లి చేతిలో పెట్టి, వాడకట్టు వింటుండగా "సలామత్‌గ తెచ్చిన, సూస్కో" అనాలి. క్షేమంగా తెచ్చాను, చూసుకో అని. అప్పుడే అప్పగింత పూర్తయినట్టు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, ఏ రిజిస్టరులోనూ లేదు. పదేళ్లు నడిచింది.

1979 చలికాలంలో జట్టు వికారాబాదు వెళ్లింది. జట్టుకు శిక్షకుడు బాల్‌రాజ్. మా కాలేజీకి వరసగా మూడు షీల్డులు తెచ్చిన మనిషి. ఆ షీల్డులు ప్రిన్సిపాల్ గదిలో, ఆయన కుర్చీ వెనకాల గోడకు ఉండేవి. జట్టులో గట్టి ఆటగత్తె దేవమ్మ, పెద్దేముల్ పిల్ల, డిగ్రీ రెండో ఏడు.

రెండో రోజు మధ్యాహ్నం బాల్‌రాజ్ ఖుర్షీద్ బీని అరటిపండ్లు తెమ్మని బజారుకు పంపాడు. దేవమ్మను సున్నం డబ్బా తెమ్మని సామాను గదిలోకి పంపాడు. వెనకాలే తానూ వెళ్లి గడియ పెట్టాడు. ఖుర్షీద్ బీ పండ్లు పట్టుకుని వచ్చేసరికి దేవమ్మ వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. జాకెట్టు చెయ్యి చిరిగి ఉంది. ఆటలో చిరిగిందనుకుంది ఖుర్షీద్ బీ. తిరుగు రైల్లో, తక్కిన పిల్లలు పాటలు పాడుతుంటే, దేవమ్మ ఆమె చెవిలో అంతా చెప్పింది.

మరి తాండూరులో రైలు దిగి పెద్దేముల్ చేరాక ఆమె ఏం చెయ్యాలి? నన్నడిగితే చెప్పడం తేలికే. గుమ్మం ముందు తల్లి నాగమ్మ చెయ్యి చాచి నిలబడి ఉంది. చుట్టూ పదిమంది చేరారు. పదేళ్ల అలవాటు. ఖుర్షీద్ బీ నోరు దానంతటది తెరుచుకుంది.

"సలామత్‌గ తెచ్చిన నాగమ్మా, సూస్కో."

దేవమ్మ ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి లోపలికి వెళ్లిపోయిందట.

అయిదో రోజు దేవమ్మ ఒక్కతే కాలేజీకి వచ్చింది. కాగితం మీద అంతా రాసి, కింద సంతకం పెట్టి నా బల్ల మీద ఉంచింది. చదివాను. నాకు కోపం రావలసింది. రాలేదు. ఇన్‌వార్డు నంబరు వేసి లోపలికి పంపాను.

అట్లాంటి కాగితం వస్తే కాలేజీ చెయ్యవలసిన మొదటి పని, విచారణ తేలేదాకా ఆ మనిషిని మైదానంలో అడుగు పెట్టనివ్వకపోవడం. రెండోది, ఆ పిల్లను ఒక ఆడమనిషిని పక్కన పెట్టి, విడిగా, మెల్లగా అడగడం. ఇది తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మావాళ్లు ముగ్గురు మగవాళ్లతో కమిటీ వేశారు. ఉపాధ్యాయుల గదిలో కూర్చున్నారు, రాసుకోవడానికి నేనూ ఒక మూల. బాల్‌రాజ్ తన కుర్చీలో తాను కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఎదురుగా దేవమ్మను నిలబెట్టారు. నెలలో జిల్లా పోటీలున్నాయన్న మాట రెండుసార్లు వచ్చింది. దేవమ్మ నాలుగు మాటలు చెప్పి ఆపేసింది. కంచే చేను మేస్తే, విచారణ చేనుకు జరిగింది.

తర్వాత ఖుర్షీద్ బీని పిలిచారు. ఆమె ఒక్క మాట చాలు. దేవమ్మ గోడకు ఆనుకుని ఆ మాట కోసమే చూస్తోంది.

"పిల్లను తల్లికి అప్పజెప్పింది నువ్వేనా?" అడిగాడు ప్రిన్సిపాల్.

"నేనే సార్."

"అప్పజెప్పేటప్పుడు ఏమన్నవ్?"

"సలామత్‌గ తెచ్చిన అన్న."

"నలుగురి ముందట అన్నవా?"

"అన్న సార్."

"చాలు, పో."

ఆమె పోలేదు. పెదవులు కదిలాయి. ప్రిన్సిపాల్ నావైపు తిరిగి రాసుకొమ్మన్నాడు. నేను తల వంచుకుని రాశాను. తల ఎత్తేసరికి ఆమె లేదు. దేవమ్మా లేదు.

ఫిర్యాదుకు ఆధారం లేదన్నారు. ఆడపిల్లల క్షేమం కోసమని ఖోఖో జట్టునే రద్దు చేశారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టినట్టు. ఎలుక మాత్రం మగపిల్లల జట్టుకు ఈల వేస్తూ మైదానంలోనే ఉంది. దేవమ్మ మళ్లీ రాలేదు. ఆమె టీసీ తీసుకుపోవడానికి తండ్రి బిచ్చయ్య వచ్చాడు.

ఖుర్షీద్ బీ పనికి వస్తూనే ఉంది. ఊడ్చేది, కుండ నింపేది, పోయేది. పలకరిస్తే పలికేది. అయిదేళ్లు అట్లాగే గడిచాయి. నావీ అట్లాగే గడిచాయి.

1984లో కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు. ఆడపిల్లల జట్టు మళ్లీ పెట్టాలన్నాడు. శిక్షకుడు బాల్‌రాజే. ఊళ్లకు పోయి తల్లిదండ్రుల్ని ఒప్పించి రమ్మని ఖుర్షీద్ బీని పంపాడు. ఆమె మూడు రోజులు తిరిగింది. ఒక్క పిల్ల పేరూ తేలేదు.

"ఏమైంది? ఒక్కరు గూడ ఒప్పుకోలేదా?" అన్నాడు ఆయన.

"పంపకుండ్రి అని నేనే చెప్పిన సార్. బాల్‌రాజ్ సారు దేవమ్మకు ఏం చేసిండో ఇంటింటికి చెప్పిన. ముందుగాల్ల పెద్దేముల్ పోయి నాగమ్మకు చెప్పిన. నా అబద్ధం గూడ చెప్పిన."

బాల్‌రాజ్ అక్కడే ఉన్నాడు.

"గంత తెలిసినదానివి, గప్పుడు కమిటీకి ఎందుకు చెప్పలే?" అన్నాడు ప్రిన్సిపాల్.

"నేను ఏమన్ననో అడిగిన్రు సార్. పిల్లకు ఏమైందో ఎవరు అడగలే."

సాయంత్రం పాత ఫైలు తీసి చూశాను. ప్రశ్నలన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఆమె చెప్పింది నిజం. ఆ ఒక్క ప్రశ్నే లేదు.

మర్నాడు ఆమెను పనిలోంచి తీసేశారు. కాలేజీ పరువుకు భంగం కలిగించినందుకని మెమో రాయమన్నారు. రాశాను. ఖుర్షీద్ బీకి చదవడం రాదు, నేనే చదివి వినిపించాను. ఆమె చివరిదాకా నిలబడి విన్నది.

"దేవమ్మ ముచ్చట ఉన్నదా అండ్ల?"

"లేదు."

"నీకు ఎరికేనా దశరథం సారూ, ఆ పిల్ల చెప్పింది నిజమని?"

"ఎరికే," అన్నాను.

"ఎప్పటిసంది?"

"కాగితం చదివిన దినం నుంచి."

ఆమె మెమో మడిచి కొంగున ముడి వేసుకుని వెళ్లిపోయింది. నేను మిగిలిన కాగితాలకు నంబర్లు వేసుకుంటూ కూర్చున్నాను.