లేదనుకున్న రాణి

"రాణి పోయింది. ఇంక ఆ ఈగల పెట్టెకు చక్కెర పోసేది లే" అన్నాను.

"పోలేదత్తా. పది దినాలు ఓపిక పట్టు, నీ కండ్లకే కనపడుతుంది" అంది కోడలు.

"కనపడేదేంది? నాలుగు ఫ్రేములూ ఎండకు ఎత్తి సూసినా. ఒక్క గుడ్డు లేదు. గుడ్లు లేవంటే రాణి లేదని."

"అట్లని ఎవురు సెప్పినారు?"

"మదనపల్లెలో సారు సెప్పినాడు. సర్టిఫికెట్టు నాకిచ్చినారా, నీకిచ్చినారా?"

అరుగు మీద శెనక్కాయలు ఒలుస్తున్న మా ఇంటాయన తలెత్తాడు. "రాణులు ఇద్దరూ ఈడ నిలబడి అరస్తాండారు. ఇంగ పెట్టెలో యాల ఎతుకుతారమ్మా?"

నాకు నవ్వు రాలేదు. పెళ్ళయి వచ్చిన ఆరేళ్ళలో కోడలు నాకు ఎదురు చెప్పడం అదే మొదలు. ఆ పిల్లకు అంత గొంతు ఉందన్న సంగతే నాకు తెలియదు. 

అది తొంభై ఎనిమిదో, తొంభై తొమ్మిదో. మా ఊరు పుంగనూరికీ మదనపల్లెకూ నడుమ. మామిడి తోపు ఉంది కదా అని నన్ను మదనపల్లెలో తేనెటీగల క్లాసుకు పిలిచారు. మూడు రోజుల చదువు. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. అచ్చు కాగితం మీద నా పేరు చూసుకోవడం ఆ సర్టిఫికెట్టుతోనే మొదలు. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి గోడకు తగిలించుకున్నాను. దాంతోపాటు ఒక పెట్టె, అందులో ఈగలు ఇచ్చారు. ఆ పెట్టెలోనే ఇప్పుడు గుడ్లు లేవు.  గుడ్లు లేకపోతే పిల్లలు ఉండవు. ఉన్న ఈగలు ముసలివై రాలిపోతే పెట్టె ఖాళీ.

రెండో పెట్టె కోడలిది. కుప్పం దగ్గర కొండవాలున చెట్టు తొర్రలో వాళ్ళ నాయన పట్టిన ఈగలు. పెట్టె నోటికి తడిగుడ్డ కట్టి, పుంగనూరు దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. ఆ రోజు నేనే అన్నాను, "అది నీ పుట్టింటి సొత్తు, నేను ముట్టను" అని. మా ఇంట్లో ఆమె మాట చెల్లేది ఆ ఒక్క పెట్టె మీదే. ఆ యేడు జబ్బు తగిలి కుప్పంలో వాళ్ళ నాయన పెట్టెలన్నీ ఖాళీ అయిపోయాయి. ఆయన ఈగల్లో మిగిలింది మా ఇంట్లో ఉన్నవే. మామిడి పూతకు ఆ పెట్టె ఈగల్ని రెండు పెట్టెలు చేసి, ఒకటి మళ్ళీ నాయనకు పంపాలని కోడలి ఆశ. ఆ సంగతి నాకూ తెలుసు.

కోడలు నా పెట్టెలోంచి ఒక ఫ్రేము తీసి నా ముందు పట్టింది. తుట్టె కింది అంచున శెనక్కాయ బుడ్డంత గూడు వేలాడుతోంది.

"ఈ రాణిగూడు మూత సూడత్తా, కత్తెరతో కోసినట్టు గుండ్రంగా తెరుసుకోనుండాది. పాతది పోయింటే పోయింటుంది. కొత్త రాణి బయటికొచ్చేసింది. నిన్నటిదాకా నాలుగు దినాలు జడివాన. బయటికి ఎగిరి పోతుటీగల్ని కలిసి వస్తేగదా గుడ్లు పెట్టేది?"

"పురుగు కొరికింటుంది."

"సరే. నా పెట్టెలోంచి గుడ్లుండే ఫ్రేము ఒకటి దీంట్లో పెడతా. రాణి లేకుంటే రెండు మూడు దినాల్లో దాని మింద రాణిగూడు కట్టుకుంటాయి. కట్టకుంటే రాణి ఉండాదని. మా నాయన ఇట్లే సూస్తాడు."

"మీ నాయన అడివిలో నేర్సినాడు. నేను క్లాసులో నేర్సినా."

ఆమె ముఖం నల్లబడింది. "నీ పెట్టె నీ ఇష్టమత్తా" అని ఫ్రేమును మెల్లగా దించి మూత పెట్టేసింది.

మధ్యాహ్నం కోడలు పుంగనూరు పోయింది. వాళ్ళ చిన్నమ్మ కూతురికి సీమంతం. రాత్రికి అక్కడే ఉండి పొద్దున మొదటి బస్సుకు వస్తానంది.

ఆమె పోయినాక నాకు కాలు నిలవలేదు. వానాకాలం, పూలు లేని రోజులు. రెండు పెట్టెలకూ చక్కెర పాకం పోస్తున్నాం. రాణి లేని పెట్టెకు పోసేది బూడిదలో పోసినట్టే కదా. పోనీ వదిలేస్తే, ఉన్న ఇన్ని ఈగలూ దండగ. రాణి ఉన్న పెట్టెలో కలిపేస్తే ఇవీ బతుకుతాయి, అదీ బలపడుతుంది. క్లాసులో సారు ఎలా కలపాలో చెప్పాడు. ఒక పెట్టె ఈగల వాసన ఇంకో పెట్టె వాటికి పడదు, కొట్టుకుని చస్తాయి. పిండి చల్లితే అన్నిటిదీ ఒకే వాసన అవుతుంది. ఆయన చల్లింది గోధుమపిండి. మా ఇంట్లో ఉన్నది రాగిపిండి.

ఈగలన్నీ గూటికి చేరే వేళకు కొబ్బరిపీచు పొగ వేసి, రెండు పెట్టెల్లోనూ పిండి చల్లి, నా ఫ్రేములు నాలుగూ తీసి కోడలి పెట్టెలో దించాను. మా ఇంటాయన దొడ్డి గుమ్మంలో నిలబడి చూశాడు.

"కోడలికి సెప్పినావా?"

"వచ్చినాక సెప్తాలే. దాని పెట్టెకు మంచి సేస్తాండాను, అడిగేదేంది?"

"ముట్టనని మాటిచ్చింది నువ్వేగదా?"

 పెట్టె గుమ్మం దగ్గర చెవి పెట్టి విన్నాను. పోట్లాట లేదు, సన్నటి మోత. రెండు పొయ్యిల వంట ఒక పొయ్యి మీదే ముగించినంత తృప్తి కలిగింది. ఖాళీ పెట్టెను దులిపి బోర్లించి, చేతులు కడుక్కున్నాను.

తెల్లవారి పేడ ఎత్తి అటు పోయాను. పెట్టె గుమ్మం పలక మీద పది పన్నెండు ఈగలు దేన్నో పట్టి లాగుతున్నాయి. కందిరీగేమో అనుకున్నాను. వంగి చూస్తే పొడుగాటి పొట్ట, ఎర్రటి కాళ్ళు, చచ్చిన రాణి. నా చేతిలోని పేడతట్ట ఎప్పుడు కింద పడిందో నాకు తెలియదు.

వెనక గాజుల చప్పుడైంది. కోడలు. భుజాన సంచి అలాగే ఉంది. ముందు బోర్లించిన పెట్టెను చూసింది. తరువాత నన్ను చూసింది. కేకలు వేస్తుందనుకున్నాను. గొంతుక్కూర్చుని, సీమంతంలో తొడిగిన పచ్చగాజుల చేత్తో ఆ ఈగను అందుకుని అరచేతిలో పెట్టుకుంది. ఎగిరిపోకుండా వాళ్ళ నాయన ఒక రెక్క కొన కత్తిరించి పంపాడు. ఆ రెక్క నా కంటికి కూడా కనపడింది.

"ఇది నా రాణి అత్తా."

మూత తీసి ఒక్కొక్క ఫ్రేమే ఎత్తింది. నా ఫ్రేముల్లో రెండోదాని మీద, సన్నగా, నల్లగా, మామూలు ఈగకంటే కొంచెం పొడుగ్గా ఒకటి గబగబా పరుగెత్తుతోంది. ఈగలు దానికి దారి ఇస్తున్నాయి.

"ఇదిగో, నీ రాణి. రాత్రి రెండూ ఎదురుపడి కొట్టుకున్నాయి, ఒకటే మిగిలింది."

  లేదు, లేదు అని నేను అరిచిన పొద్దంతా అది ఆ తుట్టెల మీదే తిరుగుతూ ఉంది.

"గుడ్లు లేకుంటే ఎన్నాళ్ళు సూడల్లో, ఎట్ల సూడల్లో, మీ సారు సెప్పలేదా?" అంది కోడలు.

"సెప్పింటాడు. ఆఖరి దినం సగంలో లేసి బస్సుకొచ్చేసినా" అన్నాను. ఆ మాట అంతకుముందు ఎవరికీ చెప్పలేదు.

ఆమె ఫ్రేము దించి మూత పెట్టింది. తరువాత అంది, "మా నాయనకు నేను సెప్పలేను. నువ్వే ఫోను సెయ్యి."

బస్సులు నిలబడే చోట ఎస్టీడీ బూతు ఉంది. కుప్పంలో వాళ్ళ ఇంటి పక్క అంగడికి ఫోను చేస్తే, ఆయన్ను పిలుచుకు రావడానికి కొంతసేపు పట్టింది.

"అన్నా, నీ బిడ్డ పెట్టెలో రాణి సచ్చిపోయింది. నా ఈగల్ని దాంట్లో కలిపి నేనే సంపినా. నా దాంట్లో కొత్త రాణి ఉండాదని ఆ పిల్ల సెప్పనే సెప్పింది" అన్నాను.

 

"ఎప్పుడు సచ్చింది?" అన్నాడు.

"రాత్రి."

"అట్లయితే అది పెట్టిన గుడ్లు ఇంగా ఉంటాయి గదమ్మా. ఆ ఫ్రేములు ఈ పొద్దే వేరే పెట్టెలో పెట్టమను, వాటి మిందుండే ఈగలతో సహా. కొత్త రాణి మాత్రం దాంట్లోకి రాకూడదు. గుడ్లుంటే అవే రాణిని సేసుకుంటాయి. సేసుకోకపోతే పాయె. పో, బిరీన పో."

ఇంటికి వచ్చి ఆయన చెప్పింది చెప్పినట్టు ఒప్పగించాను. కోడలు బోర్లించిన పెట్టెను తిప్పి తుడిచింది. తన ఫ్రేములు ఒక్కొక్కటే ఎండకు ఎత్తి గుడ్లు వెతికింది. రెండింటిలో ఉన్నాయి. కొత్త రాణి వాటి మీద లేదని చూసుకుని, ఆ రెండూ ఈగలతో సహా ఖాళీ పెట్టెలోకి మార్చింది. నేను పొగ పట్టుకుని, ఎటు ఊదమంటే అటు ఊదుతూ నిలబడ్డాను.